చేదుపూట

రోజు 1

ఇవాళ నలభై ఒకటి వచ్చింది. ఆడ గుడ్డెలుగు, మూడేళ్ళుంటాయి. కుడి జబ్బలో జానెడు డేగమేకు.

డేగ గురి తప్పడం అరుదు. తప్పితేనే మాకు పని, చావక మిగిలినదాన్ని బాగుచేసి మళ్ళీ అడవికి తోలడం. నల్లమల కింద ఊళ్ళ చుట్టూ కంచె స్తంభాలు పాతి, వాటి మీద ఈ ఎగిరే యంత్రాలను కూర్చోబెట్టి పంతొమ్మిదేళ్ళయింది. ప్రతి మనిషి చేతికీ కడియం, ప్రతి పెద్ద జంతువు చెవికీ పోగు. రెండింటి మధ్య దూరం నూరడుగులకు తగ్గితే డేగ లేస్తుంది, అరవైకి తగ్గిందా, మేకు దిగుతుంది. తప్పెవరిదని అడగదు. మా గోడల లోపల మాత్రం డేగలకు పని లేదు.

మత్తుసూది వేశాను, గంట దాకా కదలదని మా డాక్టరు మాబున్నిసా భరోసా ఇచ్చింది. పావుగంటకే కదిలింది. అప్పటికి నేను మేకును పట్టకారుతో పట్టి, బల్లకు కాలు తన్నిపెట్టి, సగం లాగి ఉన్నాను. అది లేచిన ఊపుకు కట్టుతాళ్ళు పటపటా తెగాయి. ఒక పంజా నా తోలుకోటు మీద పడి భుజం నుంచి నడుము దాకా చీల్చేసింది. ఇంకో పంజాకు డాక్టరమ్మ చేతిలోని స్టీలు పళ్ళెం అప్పడంలా వంగిపోయింది. మా సహాయకుడు ఈదన్న వెనకనుంచి వలతో మీదపడి దాని మెడను నేలకు అదిమాడు. నేను జబ్బ మీద మోకాలు వేసి మేకు పీకేశాను. ఎముక పటుక్కుమంది. నెత్తురు ఎగజిమ్మి గోడ మీద నా తలంత ఎత్తున పడింది. అది నా కోటు చేతిని కరిచి, పళ్ళు దిగక, ఆ తోలునే నములుతూ మళ్ళీ మత్తులోకి జారింది.

ఇంత జరిగినా ముగ్గురిలో ఒక్కరమూ నోరు విప్పలేదు. విప్పకూడదు. జంతువున్న చోట మాట నిషేధం, మనిషి గొంతుకు అలవాటు పడుతుందని. అంతా సైగలే. పేర్లు పెట్టకూడదు, నంబర్లే. నాలాంటి వాగుడుకాయను తెచ్చి ఇక్కడ పడేశాడు దేవుడు. మింగిన మాటలు ఎక్కడో ఒకచోట కక్కాలి కదా, అందుకే ఈ పుస్తకం. ఆఫీసు రిజిస్టరు వేరే ఉంది. దీన్ని ఎవరైనా ముట్టుకుంటే చేతులు విరగ్గొడతాను.

బయటికి రాగానే డాక్టరమ్మ నా చొక్కా లాగి భుజం చూసింది. "గీరుకొనిందా అక్కా? నెత్తురొచ్చిందా?"

"రాలేదులే. తోలు తెగింది గానీ చర్మం తెగలే."

ఆమె హమ్మయ్య అనుకుంది నా కోసం కాదు, ఎలుగు కోసం. మనిషి నెత్తురు కళ్ళజూసిన జంతువు నంబరు డేగలకు ఇచ్చేయాలి. అది కొండమీద ఏ గుహలో దాక్కున్నా వెతికి చంపుతాయి. ఆ రూలు ఒకటి.

రోజు 6

రాగిజావలో బెల్లం కలిపి, దాంట్లో చెదలు గుప్పెడు వేసి పెడుతున్నాను. మొదటి మూడు రోజులు గిన్నె నా మొహాన కొట్టింది. నాలుగో రోజు తాగింది. గాయంలో పురుగులు పడ్డాయి, ఒక్కొక్కటీ ఏరాను. ఏరినంతసేపూ ఇనుప చువ్వల అవతల నుంచి నా మణికట్టు కొరకాలని చూస్తూనే ఉంది. నాకది నచ్చింది. కొరికేది బతుకుతుంది.

"నీకంటే కోపమెక్కువక్కా దీనికి," అంది డాక్టరమ్మ వంటగదిలో.

"నాకంటే కోపమున్నది ఇంకా పుట్టలేదు పో," అన్నాను.

లోపలికి పోయే ముందు ముగ్గురం తలనుంచి కాళ్ళదాకా వేపనూనె పూసుకుంటాం, కోట్లు నూనెలో ముంచి ఆరేస్తాం. ఈ రూలు పెట్టించింది నేనే. నాలుగేళ్ళ కిందట ఒక పంది నా చెమట వాసన మరిగి, వదిలేసినా పోకుండా నా వెంటే తిరిగి, గేటు బయట నా కళ్ళ ముందే మేకు తిని చచ్చింది. అప్పుడు నేనే చెప్పాను: అందరం ఒకే నూనె పూసుకుంటే మనలో ఎవరు ఎవరో వాటికి తెలియదు, ఎవరి మీదా మనసు పెట్టుకోవు అని. పై ఆఫీసు మెచ్చుకుని కాగితం పంపింది. దాన్ని పొయ్యి పైన గోడకు అంటించుకున్నాను. పైగా దోమలు కుట్టవు.

నలభై ఒకటికి అరవై రోజుల గడువు. ఆలోగా అడవికి పోవాలి. పోలేకపోతే నిద్రసూది, ఇంక లేవదు.

రోజు 24

కంచె ఇన్‌స్పెక్టరు ప్రహ్లాద వచ్చాడు. జేబులోంచి ఒక చెవిపోగు తీసి బల్ల మీద పెట్టాడు. ఎండిన నెత్తురు, రెండు వెంట్రుకలు. ముప్పై ఎనిమిది. పోయిన నెల నేను వదిలిన అడవిపంది.

"పట్టపగలు కంది చేలోకి నడిచొచ్చింది. పదిమంది కూలోళ్ళు ఉండారు. వాళ్ళ మధ్యలోకే వచ్చింది. మేకు దిగినాక కూడా రెండు చాళ్ళు దున్నుకుంటా పోయి పడిందంట."

"మనిషంటే బెదరాలని, వదిలే ముందు దాన్ని నేనే కొట్టినా సార్. నడవలేనంత కొట్టినా."

"చాల్లేదు మరి. ఇంకా గట్టిగా కొట్టండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈయన ఏనాడైనా కర్ర పట్టాడా? కానీ చెవిపోగు ఎదురుగా ఉంది, ఏం మాట్లాడను. చచ్చిన పంది నా తరఫున సాక్ష్యం చెప్పదు కదా.

రోజు 31

ఇవాళ ముప్పై తొమ్మిదికి చేదుపూట. ముసలి దుమ్ములగొండి, విరిగిన కాలు అతికింది, ఇక అడవికే.

చేదుపూట అంటే మా దగ్గర చివరి భోజనం. అన్నం పెట్టిన చెయ్యే కొట్టాలి, అది ఆచారం. వేరేవాళ్ళు కొడితే, చెడ్డమనిషి ఒకడు, మంచిమనిషి ఒకరు అని లెక్కవేసుకుంటుంది. పెట్టే చేతిని కూడా నమ్మకూడదని తెలియాలి. ఇంకోటి, చివరకు పారిపోవాల్సింది జంతువే. మనిషి వెనక్కి తగ్గితే పాఠం తిరగబడుతుంది, మనిషిని గెలవొచ్చని నేర్చుకుంటుంది.

ప్రహ్లాద మాట చెవిలో ఉంది. మాంసం ముక్క అందించాను. అది నోట కరుచుకోగానే మూతి మీద కర్రతో కొట్టాను. పన్ను ఒకటి ఊడి పడింది. మిరపకాయల పొగ పెట్టాను, డప్పు కొట్టాను, కరెంటుకర్ర పక్కటెముకల మీద ఆనించి పదిసార్లు నొక్కాను. ఇంతకుముందు నాలుగుసార్లు నొక్కేదాన్ని. అది గోడలెక్కబోయి పడింది. పడినచోటే ఒంటికి, రెంటికి పోయింది. అప్పుడు కూడా ఆపలేదు. దాని కళ్ళలోకి చూస్తూ కొట్టాను. ఇనుపగేటు ఎత్తగానే అతికిన కాలు మళ్ళీ విరిగినా సరే అన్నట్టు పరిగెత్తింది.

తర్వాత వంటగది వెనక వాంతి చేసుకున్నాను. డాక్టరమ్మ నీళ్ళు తెచ్చిచ్చింది. బతకాలే ముండా, బతకాలే, అని ఆ దుమ్ములగొండిని తిట్టుకుంటూ పడుకున్నాను.

రోజు 47

మధ్యాహ్నం కబురొచ్చింది. ముప్పై తొమ్మిది గొల్లవంక వాగు దగ్గర పడింది, ఇంకా చావలేదు. కోటు విప్పకుండానే బండెక్కాను. మా ఈదన్న చెంచుపెంట అనే గూడెం వాడు, నాలుగు రోజులుగా తేనె కోసం కొండమీదే ఉన్నాడు, అటునుంచే దిగి వాగు దగ్గర కలిశాడు.

బట్టలుతికే సుంకమ్మ బండ మీద కూర్చుని వణుకుతోంది. చీర మీదంతా నెత్తుటి చుక్కలు. ఆమెకు పదడుగుల్లో దుమ్ములగొండి. మేకు నడుములో దిగి వెనక కాళ్ళు చచ్చుబడ్డాయి. పడిపోయిందని డేగ స్తంభం మీదికి వెళ్ళి కూర్చుంది.

"నేను గుడ్డలు జాడిస్తాంటినమ్మా. అది చెట్లలోంచి వచ్చె. కుక్కేమో అనుకొంటి. ముక్కెగబీల్చి చూసె, మళ్ళా నా పక్కకే వచ్చె. పోవే, పోయి సస్తావే అని అరిస్తి. మనిషంటే బెదురే లేదమ్మా దానికి."

బెదురు లేకపోవడమేమిటి? అంత కొట్టాను! కోపంతో దాని దగ్గరికి నడిచాను. ఇంకా నలభై అడుగులు ఉండగానే అది నన్ను పసిగట్టింది. ఒక రకంగా ఏడ్చింది. ముందు కాళ్ళతో, చచ్చుబడ్డ నడుమును గులకరాళ్ళ మీద ఈడ్చుకుంటూ పాకింది. గాయం రాళ్ళకు ఒరుసుకుని ఇంకా తెరుచుకుంటోంది, అయినా ఆగలేదు. నాకు దూరంగా, సుంకమ్మ వైపు. పోయి ఆమె చీర కుచ్చిళ్ళలో మూతి దాచుకుంది.

సుంకమ్మ కెవ్వుమంది. ఈదన్న నన్ను నిలబడమని చెయ్యెత్తాడు. తనే పోయాడు. అతని ఒంటిమీద నాలుగు రోజులుగా నూనె లేదు. దుమ్ములగొండి అతన్ని చూసింది, కదల్లేదు. తల మీద చెయ్యి వేస్తే వేయించుకుంది. గొడ్డలి తిరగేసి ఒక్కటే దెబ్బ వేశాడు.

వాగులో గొడ్డలి కడుగుతూ, నా వైపు చూడకుండా అన్నాడు. "అక్కా, అది మనిషికి భయపడలే. నీ నూనెకు భయపడె. సుంకమ్మకు నూనె లేదు, నాకు నూనె లేదు. మేం దానికి మనుషులం గాము. మనిషంటే యాపనూనె అని నువ్వే నేర్పితివి కదక్కా."

నేను వాగులో కూలబడ్డాను. వీటికి చూపు తక్కువ. ముక్కే కన్ను. నూనె రూలు వచ్చాక పద్నాలుగింటిని వదిలాం. పదకొండు చచ్చాయి. అంతకుముందు నేను పాత చీర కట్టుకుని, చెమటతో, ఉత్త చేతులతో బెదరగొట్టిన పదిహేడు నంబరు ఎలుగు ఇప్పటికీ ఉంది, రెండు ఈతలు పిల్లల్ని పెట్టింది. నేను ఒక్కనాడూ ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు. పదకొండింటిని పళ్ళూడగొట్టి, పొగబెట్టి, కరెంటు పెట్టి, మనుషుల్ని నమ్మమని చెప్పి పంపించాను. ఒళ్ళు ఊడేట్టు ఇసకతో రుద్దుకున్నాను. ఆ కంపు పోలేదు.

సాయంత్రం వచ్చి పొయ్యి మీది కాగితం పీకి పొయ్యిలోనే పెట్టాను.

రోజు 48

ప్రహ్లాదకు అంతా చెప్పాను. నా తప్పే అని కూడా చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు.

"రాసివ్వండి, పైకి పంపుతా. కమిటీ కూర్చోవాల. ఏడాది పడుతుంది."

"నలభై ఒకటికి పన్నెండు రోజులే ఉండాది సార్. నూనె లేకుండా నేను లోపలికి పోతా. కోటు కూడా వద్దు, అది నాలుగేళ్ళు నూనెలో నానింది."

"ఒట్టి ఒంటితో ఎలుగు ముందరికా? పిచ్చా మీకు?" ఆయన లేచి నిలబడ్డాడు. "మా చిన్నాయన పేగులు చేతిలో పట్టుకొని చేను నుంచి ఇంటికి నడిచొచ్చినాడు. పంది చీల్చింది. నాకప్పుడు ఏడేండ్లు. ఆ కంచె ఊరికే పెట్టలేదు ఓబులమ్మా. మీకు గోరు గీరుకున్నా ఆ ఎలుగు నంబరు నా చేత్తో నేనే డేగలకు ఇయ్యాల. నాతో ఆ పని చేయించొద్దు."

పెద్దమనిషే. చెడ్డవాడు కాదు. ఆయనతో వాదించి లాభం లేదు.

ఇంటికొచ్చి లెక్క చూసుకున్నాను. నూనె పూసుకుని కొడితే నలభై ఒకటి ఏదో ఒక ఊరి పొలిమేరలో చస్తుంది. కొట్టకుండా ఉంచితే అరవయ్యో రోజు సూదితో చస్తుంది. ఒట్టి ఒంటితో కొడితే, అది నన్ను గీరితే, అలా కూడా చస్తుంది. గీరకపోతేనే బతుకుతుంది. కొరికేది బతుకుతుందని మురిసిపోయాను కదా, ఇప్పుడు తెలిసొచ్చింది.

రోజు 53

ఐదు రోజులుగా సుంకమ్మ ఇంట్లో ఉంటున్నాను. నలభై ఒకటికి జావ డాక్టరమ్మ పోస్తోంది. కుంకుడుకాయతో, బూడిదతో, మట్టితో ఒళ్ళు తోముకున్నాను. పగలంతా సుంకమ్మతో బట్టలు బండకేసి బాది చెమట పట్టించుకుంటున్నాను. ఈదన్న రోజూ వచ్చి నా మెడ దగ్గర వాసన చూసి, "ఇంకా ఉండాదక్కా," అని పోతున్నాడు. ఇవాళ, "పోయింది, ఇప్పుడు మనిషి కంపు కొడతాండావు," అన్నాడు. ఇంత మంచి మాట నాకెవరూ చెప్పలేదు.

కానీ నా ఒక్కదాని వాసన చాలదు. మళ్ళీ అదే తప్పు అవుతుంది, మనిషంటే ఓబులమ్మ అనుకుంటుంది. అందుకని ఊరంతా తిరిగి ఉతకని బట్టలు అడిగాను. ఆడవాళ్ళు నన్ను ఆడిపోసుకున్నారు.

"ఉతికిన గుడ్డలు అడుక్కొనేటోళ్ళను చూసినాం గానీ, మైలగుడ్డలు అడుక్కొనేదాన్ని నిన్నే చూస్తాండాం!"

"మీ కంపే నాక్కావాల తల్లీ, ఇయ్యండి," అన్నాను.

గొర్రెల కాపరి గొంగడి, తాపీ మేస్త్రీ చొక్కా, ఒక ముసలమ్మ రవిక, బాలింత చీర, బస్సు కండక్టరు తువ్వాలు. మూట గోనెసంచీడు అయింది. వాసనకు బండి తోలేవాడు ముక్కు మూసుకున్నాడు.

రోజు 57

ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు కోడి గెలికినట్టున్నాయి. రాయకపోతే నిద్ర పట్టదు.

పొద్దున ఎనిమిదింటికి నలభై ఒకటి చేదుపూటకు వెళ్ళాను. చుట్టూ ఎత్తైన గోడ, నలభై అడుగుల ఆవరణ, వెనక అడవిలోకి ఇనుపగేటు. గేటు తాడు ఈదన్న చేతిలో. డాక్టరమ్మ మత్తుతుపాకీతో గోడ మీద. బాలింత చీర కట్టాను, మేస్త్రీ చొక్కా తొడిగాను, గొంగడి కప్పుకున్నాను, తువ్వాలు తలకు చుట్టాను. చేతిలో జావగిన్నె.

నలభై ఒకటి నన్ను గుర్తుపట్టలేదు. రెండు నెలలు గోకి, కడిగి, తిట్టుకుంటూ సాకిన నన్ను! మూతి ముందుకు చాపి నెమ్మదిగా వచ్చింది. గొంగడి వాసన చూసింది, చొక్కా చూసింది. కుక్కపిల్లలాగా తుమ్మింది. గిన్నెలో మూతి పెట్టి తాగి, తర్వాత నా వేళ్ళు నాకింది. నాలుక గరుగ్గా, వెచ్చగా ఉంది. నూనె రూలు పెట్టాక ఏ జంతువూ నా చర్మాన్ని ముట్టుకోలేదు. ఇప్పుడే చెప్పేస్తున్నాను, నా చెయ్యి లేవలేదు. ఇట్లాగే ఊళ్ళోకి నడిచిపోతుంది, ఇట్లాగే ఎవరి చెయ్యో నాకబోతుంది, అనుకున్నాక లేచింది.

కర్రతో ముక్కు మీద కొట్టాను. అది అరవలేదు, ఆశ్చర్యపోయింది. రెండోది చెవి మీద. కరెంటుకర్ర మెడకు ఆనించి నొక్కాను. మూడుసార్లు నొక్కేసరికి గుండ్రంగా తిరిగి, రెండు కాళ్ళ మీద లేచి నా మీద పడింది.

మొదటి పంజాకు తువ్వాలుతో పాటు నెత్తిచర్మం లేచిపోయింది. రెండోది చెవి దగ్గర మొదలై గడ్డం దాకా దిగింది. నా కంట్లో నా నెత్తురే. కర్ర పట్టిన కుడిచెయ్యి దాని నోట్లో ఉంది. వేళ్ళు విరుగుతుంటే పచ్చి చెరుకు కొరికిన చప్పుడు వచ్చింది. దాని ఊపిరిలో నేను పోసిన బెల్లంజావ వాసన. డాక్టరమ్మ తుపాకీ ఎత్తింది.

అప్పుడే మత్తు తగిలి అది పడిపోతే, మనిషిని పడగొట్టాను అన్నదే దానికి గుర్తుండే చివరి మాట. అంతకన్నా సూదే నయం.

"కాల్చొద్దు!" అని అరిచాను. పదకొండేళ్ళలో ఆ గోడల లోపల లేచిన మొదటి మాట. ఎలుగు అదిరిపడి నోరు వదిలింది. మనిషి గొంతు అదెప్పుడు వింది? ఇంక నేను ఆగలేదు. "నీ జిమ్మడిపోను! నీ కట్టె కాల! నా చేతి కూడు తిని నన్నే కొరుకుతావే, నీ దుంప తెగ!" పదకొండేళ్ళు మింగినవన్నీ కక్కాను. ఎడమచేత్తో కరెంటుకర్ర ఎత్తుకుని దాని మీదికే నడిచాను. అది వెనక్కి ఒక అడుగు వేసింది. నేను రెండు వేశాను. దాని జబ్బ మీద, మేకు దిగిన మచ్చ మీదే ఆనించి నొక్కాను. మనిషి ఏడ్చినట్టే ఏడ్చింది. "పో! మనిషి కనబడితే పో! మనిషి వాసనొస్తే పో! మళ్ళీ మా మొహం చూస్తివా, నీ తోలొలుస్తా!"

ఈదన్న తాడు లాగాడు. గేటు లేచీ లేవకముందే కిందనుంచి దూరి, వీపు చర్మం గీరుకుపోయినా ఆగకుండా పోయింది. నేను నిలబడే ఉన్నాను. అది కనుమరుగయ్యాకే పడ్డాను.

రోజు 59

అరవై రెండు కుట్లు. కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. పంటి గీట్లు లెక్కపెట్టలేదు.

మాబున్నిసా అబద్ధం రాయదు. ఒకసారి తన మందు ఎక్కువై కుందేలు చస్తే, తన తప్పని రిజిస్టరులో మూడు పేజీలు రాసుకుంది. ఇవాళ నా మంచం పక్కన రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఏం రాయమంటావక్కా?"

"గేటు షట్టరు తెగి నా మీద పడిందని రాయి."

"నా చేత్తో ఎట్ల రాసేది? నేను కుట్లేసినా. ఏవి గోళ్ళో, ఏది ఇనుమో నాకు తెలీదా?"

"నువ్వు నిజం రాస్తే దాని నెత్తిన మేకు దిగుతుంది. నా వేళ్ళు రెండూ ఊరికే పోయినట్టవుతాయి. అంతే, నేనింకేం చెప్పను."

ఆమె కళ్ళు తుడుచుకుని, "యా అల్లా, మాఫ్ కర్," అని గొణుక్కుని, రాసింది. సంతకం పెట్టింది. షట్టరు, ఎడమవైపు తాడు తెగి, అని కూడా చేర్చింది. మొదటిసారి అబద్ధమాడేవాళ్ళు ఎప్పుడూ ఒక మాట ఎక్కువే చెప్తారు.

మధ్యాహ్నం ప్రహ్లాద వచ్చాడు. రిజిస్టరు చదివాడు. నా చెంప మీది నాలుగు గీట్లను చూశాడు.

"షట్టరుకు గోళ్ళుంటాయా ఓబులమ్మా?"

"పాత షట్టరు సార్. అంచులు లేచిపోయినాయి."

ఆయన రిజిస్టరు మూయలేదు, సంతకమూ పెట్టలేదు. "నలభై ఒకటి వంక పైనే తిరుగుతాంది. పన్నెండు రోజులాగి నేనే పోతా, నడుచుకుంటా, ఒక్కడినే. నన్ను చూసి అది పారిపోతే షట్టరే. నా దగ్గరికొస్తే, నేను రాయాల్సిన పని లేదు. పైన డేగ ఉంటుంది."

రోజు 71

లేవొద్దని డాక్టరమ్మ ఎంత మొత్తుకున్నా వినలేదు. ఈదన్న నన్ను వీపున మోసుకుని వంక పైనున్న రాతిగుండు ఎక్కించాడు. అక్కడినుంచి కిందంతా కనబడుతుంది. ముగ్గురం బోర్లా పడుకున్నాం.

నలభై ఒకటి పుట్ట తవ్వుతోంది. కుడి జబ్బ కొంచెం కుంటుతోంది గానీ మట్టి బాగానే చిమ్ముతోంది. బలిసింది కూడా.

ప్రహ్లాద కింద వాగు వెంబడి వస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా, వాసన సబ్బు. ఆయన గుడ్డ ఒక్కటి కూడా నా మూటలో లేదు. ఆయన వాసన అది పుట్టి ఎరగదు. గాలి ఆయన మీదినుంచే దాని వైపు వీస్తోంది. రెండొందల అడుగులు. నూట యాభై. స్తంభం మీద డేగ రెక్కలు విప్పింది. నూరడుగుల దగ్గర లేచి గాలిలో నిలబడింది. ఆయన ఆగలేదు. తలెత్తి డేగను చూశాడు, అయినా నడిచాడు. ఆ నిమిషాన ఆయన్ని చంపేయాలనిపించింది.

ఎలుగు తవ్వడం ఆపింది. రెండు కాళ్ళ మీద లేచి మూతి గాలిలోకి ఎత్తింది. ముక్కు ఆడిస్తోంది. తర్వాత నాలుగు కాళ్ళ మీదికి దిగి, ఆయన వైపు ఒక అడుగు వేసింది.

డాక్టరమ్మ నా ఎడమచెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

ఎలుగు బొబ్బ పెట్టింది. ఆవరణలో ఏడ్చిన ఆ గొంతే. వెనక్కి తిరిగి, పుట్టను గుద్దుకుని, పడి, లేచి, కుంటి జబ్బతో కొండమీదికి పరిగెత్తింది. ముళ్ళపొదలు చుట్టూ తిరిగి కూడా పోలేదు, వాటిలోంచే దూసుకుపోయింది. డేగ కాసేపు గాలిలో ఉండి, వెళ్ళి స్తంభం మీద కూర్చుంది.

ప్రహ్లాద మమ్మల్ని చూసి గుండు వైపు నడిచాడు. పైకి ఎక్కి వచ్చేసరికి ఆయన చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది. నా మొహం చూడకుండా జేబులోంచి పెన్ను తీసి, డాక్టరమ్మ చేతిలోని రిజిస్టరులో సంతకం పెట్టాడు.

"ఆ షట్టరు బాగు చేయించండి," అన్నాడు.

"చేయిస్తా సార్," అన్నాను.

ఆయన దిగిపోయాక కొండ వైపు చూశాను. చెట్ల నడుమ నల్లగా ఒకసారి కనబడింది, ఇంకా పరిగెడుతూనే ఉంది. నా ఏడుపు ఆగలేదు. కుట్లు లాగుతున్నా ఏడ్చాను. అడవిలో మాట్లాడకూడదని ఈదన్న సైగ చేశాడు. పోరా అన్నట్టు అతని చెయ్యి తోసేశాను.

"పో తల్లీ, పో," అన్నాను. వినబడేంత దగ్గర లేదది.